మర్రిచెట్లు తోడుగా... మనవాళ్ల దగ్గరికి!

పండగ సెలవులంటే అందరి చూపూ విజయవాడ రహదారి మీదే. పంతంగి టోల్‌గేట్ దగ్గర బారులు తీరిన కార్ల ఫొటో లేకుండా సంక్రాంతి పేపరు రాదు. కానీ హైదరాబాద్‌కు పడమటి దిక్కున మరో దారి ఉంది. అజీజ్‌నగర్ దాటగానే మర్రిచెట్లు గొడుగు పట్టి తీసుకెళ్లే దారి. చేవెళ్ల, వికారాబాద్, పరిగి, తాండూరు, కొడంగల్ వైపు చుట్టాలున్నవాళ్లకి అదే పుట్టింటి దారి, అదే అత్తింటి దారి. అంత చక్కటి దారే 2025 నవంబరులో ఒక్క పొద్దుటిపూట 19 మంది ప్రాణాలు తీసుకుంది. ఆ దారి అందమేంటి... ఆపదేంటి?

దసరాకు ముందు రెండు రోజులు అప్పా కూడలి దగ్గర కాసేపు నిలబడి చూడండి. పండగ ఎటు పోతోందో తెలిసిపోతుంది. పోలీసు అకాడమీ పాత పేరును కుదించి జనం 'అప్పా' అని పిలుచుకునే కూడలి అది. ముందు సీట్లో నాన్న, వెనక సీట్లో అమ్మ, అమ్మ ఒళ్లో చిన్నది, కిటికీ దగ్గర సీటు కోసం కొట్టుకునే పెద్దవాళ్లిద్దరు... ఇదొక కారు. పెట్రోలు ట్యాంకు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని, వెనక భార్యతో, హ్యాండిల్‌కు మిఠాయి డబ్బా సంచీ తగిలించుకుని వెళ్లే మోటారుసైకిలు ఇంకోటి. మెట్ల దాకా కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులు సరేసరి. అన్నీ పడమటికే.

ఈలోగా ఫోను మోగుతుంది. "యాడిదాంక వచ్చిన్రు బిడ్డా?" అని అవతలి నుంచి అవ్వ. "అజీజ్‌నగర్ దాటినం" అనే జవాబు వస్తే చాలు, అక్కడ ఎసరు పొయ్యెక్కినట్టే. అజీజ్‌నగర్ దాటడమంటే ఓ ఊరు దాటడం కాదు. పట్నం చెయ్యి వదిలేయడం!

ఇటు గండిపేట... అటు హిమాయత్‌సాగర్

పట్నం ఇక్కడే ఎందుకు ఆగిపోయినట్టు కనిపిస్తుంది? దానికో పెద్ద కథే ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది కొట్టుకుపోయారు. అలాంటి వరద మళ్లీ రాకూడదని, నగరానికి తాగునీరూ అందాలని మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు రెండు పెద్ద జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది. దాన్నే మనం గండిపేట అంటాం. ఈసా నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. ఆ రెండు చెరువుల నడుమ నేల మీదుగా సాగుతుంది చేవెళ్ల దారి. అక్కడ తగిలే ఊరే అజీజ్‌నగర్.

ఆ చెరువుల్లోకి మురికి చేరకుండా 1996లో ప్రభుత్వం 111 జీవో తెచ్చింది. జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకీ పరిశ్రమలకీ పగ్గాలు వేసింది. నగరం అన్నివైపులా ఎగబాకుతున్నా ఇటువైపు మాత్రం పొలాలూ తోటలూ మిగలడానికి అదో ముఖ్య కారణం. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ 69 జీవో వచ్చింది. ఈలోగానే దారి పొడవునా ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు, ఫంక్షన్ హాళ్లు వెలిశాయి. అజీజ్‌నగర్‌లోనే విద్యాజ్యోతి ఇంజినీరింగ్ కళాశాల, కేఎల్ విశ్వవిద్యాలయం హైదరాబాద్ ప్రాంగణం ఉన్నాయి. ఒకప్పుడు చుట్టాల ఇళ్లకు పోయేవాళ్లే ఎక్కువగా కనిపించిన దారిలో ఇప్పుడు విద్యార్థుల బస్సులు, వారాంతపు విందులకు వెళ్లే కార్లు, పెళ్లిళ్ల జనం... అందరూ కలిశారు. దారి మాత్రం చాలా ఏళ్లు అదే వెడల్పులో ఉండిపోయింది.

గొడుగు పట్టిన మర్రి

ఈ దారిని బీజాపూర్ రోడ్డు అంటారు. కాగితాల మీద 163వ నంబరు జాతీయ రహదారి. పిల్లలకు మాత్రం 'మర్రిచెట్ల రోడ్డు'. అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు. ఆ పొడవునా రెండు పక్కలా తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు. నిజాం కాలంలో నాటినవని పెద్దలు చెబుతారు. ఎడ్లబండ్లకీ గుర్రబ్బండ్లకీ నీడ కోసం నాటిన చెట్లు ఇప్పుడు కార్లకూ లారీలకూ కూడా నీడ పడుతున్నాయి. అశోకుడు రోడ్లకిరువైపులా చెట్లు నాటించాడని బళ్లో చదువుకుని నవ్వుకున్నవాళ్లం మనం. ఆయన ప్రత్యేకించి నాటించానని శాసనంలో చెక్కించిన చెట్లలో మర్రి ఒకటి! దాని నీడ కింద ఎండ కూడా మెత్తబడుతుంది.

ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఈ దారిన వెళ్లినవాళ్లకి ఆ తేడా వేరే చెప్పక్కర్లేదు. ఎదుటి పొలం మీద కళ్లు మిరుమిట్లు గొలిపే ఎండ. తారు మీద మాత్రం నీడల ముగ్గు. రెండు పక్కల కొమ్మలూ పైన కలుసుకున్నచోట కారు ఓ పచ్చటి సొరంగంలోకి దూరినట్టుంటుంది. పిల్లలు ఫోన్లు పక్కనపెట్టి తలలు బయటపెట్టే చోటు అది (పెట్టనివ్వకండి!). మొదళ్ల దగ్గర తెల్లరంగు పట్టీలు, ఎర్రటి పండ్ల కోసం కిచకిచలాడే గోరింకలు, ఊడలు పట్టుకుని ఊగే పల్లె పిల్లలు... ఏసీ వేసుకుని అద్దాలు బిగించుకుంటే ఇవేవీ అందవు.

మర్రి అంటే మనకు మామూలు చెట్టు కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రిని చూడటానికి బడి పిల్లలు విహారయాత్రలకు వెళ్తారు. కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. అవి ఒక్కో చెట్టుగా పేరు తెచ్చుకుంటే, చేవెళ్ల దారి మర్రులు వరసగా నిలబడి పేరు తెచ్చుకున్నాయి.

నదికి ఎదురు ప్రయాణం

ఈ దారికి మరో విశేషం కూడా ఉంది. మెహిదీపట్నం దాటాక లంగర్‌హౌస్‌లో బాపూఘాట్ వస్తుంది. 1948లో గాంధీజీ అస్థికలు కలిపిన చోటు. ఈసా, మూసా నదులు అక్కడే కలుస్తాయి. అక్కణ్నుంచి పడమటికి వెళ్లే కొద్దీ మనం మూసీకి ఎదురు నడుస్తున్నట్టే. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో ఆ నది పుడుతుంది. అంటే ఆ దారిన పుట్టింటికి వెళ్లే ఆడపడుచులతో పాటు మనమూ మూసీ పుట్టింటికి వెళ్తామన్నమాట!

దారిలో ఆగాలనుకుంటే చోట్లకు కొదవ లేదు. అజీజ్‌నగర్ వైపు నుంచి లోపలికి వెళ్తే చిలుకూరు బాలాజీ. హుండీ లేని గుడి. కోరిక చెప్పుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. అమెరికా ప్రయాణానికి ముద్ర పడాలని మొక్కుకునేవాళ్లు ఎక్కువై 'వీసా దేవుడు' అనే పేరొచ్చింది. అక్కడ ఓ చిత్రం గమనించొచ్చు. 11 తిరిగేవాళ్లు మనవాళ్లను వదిలి దూరం వెళ్లాలనుకునేవాళ్లు. 108 తిరిగేవాళ్లలో కొందరు ఆ దూరం నుంచి సెలవులకు మనవాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లు. పక్కనే మృగవని జాతీయ పార్కు. చుక్కల దుప్పులు కనిపిస్తే పిల్లల పంట పండినట్టే.

మొయినాబాద్ మండలంలో పెద్దమంగళారం ఉంది. రంగారెడ్డి జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ కొండా వెంకట రంగారెడ్డి సొంతూరు. ఆయన పేరుతో జిల్లా 1978లో ఏర్పడింది. చేవెళ్ల పేరు రాజకీయాల్లోనూ మోగింది. 2003 ఏప్రిల్ 9న వై.ఎస్.రాజశేఖరరెడ్డి తన పాదయాత్రను ఇక్కణ్నుంచే మొదలుపెట్టారు. ఇవన్నీ పక్కనపెట్టి ఇంట్లో ఆడవాళ్లనడగండి. చేవెళ్ల అంటే వాళ్లకు కూరగాయలు, పూలు! నగరంలో బతుకమ్మకు పేర్చే బంతిపూలూ చామంతులూ ఈ చుట్టుపక్కల పొలాల నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తరలుతాయి. సీజన్లో దారి పక్కన సీతాఫలాల గంపలు, కాల్చిన మక్క కంకులు. బేరమాడటం మన హక్కు, ఇంకో రెండు కాయలు వేయడం వాళ్ల మర్యాద.

మన్నెగూడ దగ్గర దారి చీలుతుంది. ఒకటి వికారాబాద్‌కు, ఒకటి పరిగి మీదుగా కొడంగల్‌కు. వికారాబాద్ దారి పట్టినవాళ్లు అనంతగిరిలో ఆగుతారు. అనంత పద్మనాభస్వామి గుడి, అడవి గాలి. క్షయ రోగులకు ఆ గాలే మందని నిజాం కాలంలోనే అక్కడ ఆసుపత్రి పెట్టారు. ఇంకా ముందుకెళ్తే తాండూరు. హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లలో కాళ్ల కింద ఉండేవి తాండూరు బండలే. కంచంలోకి వచ్చేది తాండూరు కందిపప్పు. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కర్ణాటక గడప పక్కనే ఉండటంతో అక్కడి బజారులో తెలుగు, ఉర్దూ, కన్నడం ఒకే వాక్యంలో కలిసి దొర్లుతాయి.

జమ్మి ఆకు చేతిలో పెట్టి...

ఇంతకీ ఇంత దూరం ఎందుకు వెళ్తాం? ఫోనులో ముఖాలు కనిపిస్తున్నాయి, డబ్బులు క్షణంలో పంపొచ్చు, బట్టలు ఇంటికే కొరియర్లో వస్తాయి. అయినా ఎందుకంటే... జమ్మి ఆకు ఫోనులో ఇవ్వలేం కాబట్టి.

తెలంగాణలో దసరా అంటే అదే. సద్దుల బతుకమ్మ నాటికి ఆడబిడ్డలు పుట్టింటికి చేరాలి. తంగేడు, గునుగు కోసుకొచ్చి పేర్చిన బతుకమ్మ చుట్టూ చిన్ననాటి నేస్తాలతో కలిసి ఆడాలి. మలీద ముద్దలు పంచుకోవాలి. దసరా సాయంత్రం ఊరి జనమంతా జమ్మిచెట్టు దగ్గరికి వెళ్లి ఆకు తెస్తారు. దాన్ని 'బంగారం' అంటారు. పెద్దల చేతిలో బంగారం పెట్టి కాళ్లు మొక్కితే వాళ్లు తల నిమిరి దీవిస్తారు. తోటివాళ్లయితే అలాయ్ బలాయ్. ఏడాదంతా మాటల్లేకుండా ఉన్న అన్నదమ్ములు ఆ ఒక్క సాయంత్రం ఎదురుపడి, ఆకు చేతిలో పెట్టి, ఛాతీకి ఛాతీ ఆనించి నిలబడితే... గట్టు తగాదా కొంతైనా కరుగుతుంది. పదో తరగతి దోస్తులు ఊరి చివర కట్ట మీద కలిసేదీ ఆ రాత్రే.

అజీజ్‌నగర్, మొయినాబాద్, మీర్జాగూడ... ఆ పేర్లలోనే తెలుస్తుంది, ఈ దారిన పండగ అంటే ఒక్కరిది కాదని. దసరాకు జమ్మి ఆకు అందుకున్న ఇంటి నుంచి రంజాన్‌కు షీర్‌ఖుర్మా గిన్నె వస్తుంది. పీర్ల పండక్కి రెండిళ్లవాళ్లూ ఒకే గుండం చుట్టూ చేరతారు.

తిరుగు ప్రయాణం సంగతి చెప్పక్కర్లేదు. వెళ్లేటప్పుడు సగం ఖాళీగా ఉన్న డిక్కీ వచ్చేటప్పుడు మూత పడదు. కందిపప్పు, జొన్నపిండి, సకినాలు, ఓ సీసాలో నెయ్యి, అడుగున పాత చీరలో చుట్టిన పచ్చడి జాడీ. "పట్నంల అన్నీ దొరుకుతయి అమ్మమ్మా" అంటే, "దొరికితే దొరకనీ, ఇది నా చేతిది" అని ఇంకో మూట పెడతారు.

కారు లేనివాళ్లకు బస్సే దిక్కు. ఆ బస్సుకూ పెద్ద చరిత్రే ఉంది. నిజాం రైల్వే సంస్థ 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. మన ఆర్టీసీకి అదే మూలం. అంతకు చాలా ముందే, 1874లో వాడి నుంచి హైదరాబాద్‌కు రైలు దారి పడింది. తాండూరు, వికారాబాద్ దాని మీదే ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు. పుట్టింటికి వెళ్లాలంటే ఛార్జీలకు ఎవరి ముందూ చెయ్యి చాపనక్కర్లేదు. అమ్మకు ఒంట్లో బాగాలేదంటే అప్పటికప్పుడు చీర మార్చుకుని బస్సెక్కేయొచ్చు. చుట్టపుచూపు ఖరీదు తగ్గితే రాకపోకలు పెరుగుతాయి. రాకపోకలుంటేనే కదా చుట్టరికం!

ఆ సోమవారం పొద్దున

అలా మనవాళ్లను చూసి తిరిగొచ్చే ప్రయాణమే అది కూడా. 2025 నవంబరు 3, సోమవారం. ఆదివారం ఇంట్లో గడిపి, పొద్దున్నే కాలేజీకీ ఆఫీసుకీ అందుకోవాలని బయల్దేరినవాళ్లతో తాండూరు డిపో బస్సు హైదరాబాద్ వస్తోంది. చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర ఎదురుగా కంకర టిప్పరు ఢీకొంది. టిప్పర్లోని కంకర బస్సులోకి కుమ్మరించుకుపోయింది. సీట్లలో ఉన్నవాళ్లు ఉన్నచోటే కూరుకుపోయారు. 19 మంది చనిపోయారు. అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బాలు, పుస్తకాల సంచులు కంకర కింద నుంచి తీయాల్సి వచ్చింది.

అంతకు ఏడాది ముందు, 2024 డిసెంబరు 2న, చేవెళ్ల మండలంలోని ఆలూరు దగ్గర రోడ్డు పక్కన కూరగాయలు అమ్ముకుంటున్నవాళ్ల మీదికి లారీ దూసుకెళ్లింది. అక్కడా పలువురి ప్రాణాలు పోయాయి. మనం కారాపి సొరకాయ బేరమాడే చోటే అది.

ఎందుకిలా? ఈ దారి మీద ఎవరెవరు వెళ్తున్నారో లెక్కపెడితే అర్థమవుతుంది. తాండూరు వైపు నుంచి సిమెంటు, బండల లారీలు. క్వారీల నుంచి కంకర టిప్పర్లు. కర్ణాటక వెళ్లొచ్చే సరుకు వాహనాలు. ఆర్టీసీ బస్సులు, కాలేజీ బస్సులు. కూరగాయల ఆటోలు, గడ్డి ట్రాక్టర్లు, మోటారుసైకిళ్లు. వారాంతంలో వేగమే సరదాగా వచ్చే కార్లు. ఇన్నింటికీ ఏళ్ల తరబడి ఉన్నది రెండు వరుసల రోడ్డు. మధ్యలో డివైడర్ లేదు. ముందు వెళ్లే లారీని దాటాలంటే ఎదురు వచ్చేవాళ్ల దారిలోకి వెళ్లాల్సిందే. తప్పుకుందామంటే పక్కన తారు అంచునే మర్రి మొదలు. రాత్రి ఎదుటి లైట్ల వెలుగులో చెట్టేదో, చెట్టు పక్కన ఆగిన ట్రాక్టరేదో తెలియదు.

చెట్టా... ప్రాణమా?

ఈ రోడ్డును నాలుగు వరుసలు చేయాలన్న ప్రతిపాదన పాతదే. మర్రిచెట్లు కొట్టేయాల్సి వస్తుందని పర్యావరణ ప్రేమికులు కదిలారు. చెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు, ఫొటోలు తీశారు, పిల్లలతో వాటి కింద నడకలు పెట్టారు, చివరికి జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు. అటు చేవెళ్ల, వికారాబాద్ వైపు జనం మాత్రం ప్రతి ప్రమాదం తర్వాతా రోడ్డు మీద కూర్చున్నారు. 'మా పిల్లలకన్నా చెట్లు ఎక్కువా?' అన్నది వాళ్ల ప్రశ్న. కన్నవాళ్ల నోట వచ్చిన ప్రశ్న కాబట్టి దాన్ని తేలిగ్గా తీసేయలేం.

కానీ ప్రశ్నను అలా పెట్టాల్సిన అవసరం ఉందా? 1908 వరదలోనే జవాబుకు ఓ ఆధారం దొరుకుతుంది. ఆ రోజు మూసీ ఒడ్డున, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్నచోట, ఓ చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికి బయటపడ్డారు. ఆ చెట్టును నగరం ఇప్పటికీ తలచుకుంటుంది. చెట్టు మన ప్రాణాలకు అడ్డమెప్పుడూ కాదు. చెట్టుకూ చక్రానికీ మధ్య చోటు వదలని ప్రణాళికే అడ్డం.

చివరికి జరిగిందీ అదే. రోడ్డు గీతను మార్చి, ఎక్కువ చెట్లను ఉన్నచోటే ఉంచి, తప్పనిసరైన కొన్నింటిని వేళ్లతో సహా మరోచోటికి తరలించేలా పథకం మారింది. 2025 అక్టోబరు చివర్లో ట్రిబ్యునల్‌లో చిక్కుముడి వీడింది. విస్తరణకు దారి తెరుచుకుంది. మీర్జాగూడ ప్రమాదం జరిగింది ఆ తర్వాత కొద్దిరోజులకే! కూర్చుని మాట్లాడుకుంటే దొరికే పరిష్కారం కోసం అన్నేళ్లు పట్టడం... అసలు బాధంతా అక్కడే ఉంది. చెట్లను ప్రేమించినవాళ్లు తప్పు కాదు. రోడ్డు అడిగినవాళ్లూ తప్పు కాదు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర త్వరగా కూర్చోబెట్టాల్సినవాళ్లు ఆలస్యం చేశారు.

పెద్ద మర్రిని తరలించడం అంటే కుండీ జరపడం కాదు. కొమ్మలు తగ్గించి, వేరు చుట్టూ మట్టి గడ్డ చెదరకుండా తవ్వి, క్రేన్లతో ఎత్తి, కొత్త గుంతలో దించాలి. ఆ తర్వాత నెలల తరబడి నీళ్లు పోసి కాపలా కాయాలి. మర్రికి మొండి ప్రాణం, కొమ్మ నాటినా బతుకుతుంది. కానీ నాటి వదిలేస్తే ఏ చెట్టూ బతకదు. కాబట్టి ఎన్ని తరలించారన్నది కాదు, మూడేళ్ల తర్వాత ఎన్ని చిగురించాయన్నదే లెక్క. ఆ లెక్క అడగాల్సింది ఈ దారిన వెళ్లే మనమే.

బయల్దేరే ముందు...

* వెనక సీట్లోవాళ్లకూ బెల్టు తప్పనిసరి. పండక్కి పట్టుచీర నలుగుతుందని తీసేయకండి. ఒళ్లో కూర్చోబెట్టుకున్న బిడ్డను సడెన్ బ్రేకు పడితే చేతులతో ఆపలేం.

* వీలైతే తెల్లారాక బయల్దేరి, చీకటి పడకముందే చేరుకోండి. ఊరికి కొత్త దారి పనులు జరుగుతున్నచోట మలుపులు మారుతుంటాయి. గతంలో చూసిన దారే కదా అని ధీమా వద్దు.

* దావత్‌లో గ్లాసు పట్టినవాళ్లు స్టీరింగు పట్టకూడదు. ఆ రాత్రికి అక్కడే పడుకోండి. బావమరిది ఇంట్లో పడుకోవడానికి మొహమాటమెందుకు?

* కూరగాయలు, పండ్లు కొనాలనుకుంటే తారు దిగి, పూర్తిగా పక్కకు ఆపండి. పిల్లల్ని రోడ్డు వైపు తలుపు నుంచి దించకండి.

* లారీ వెనక ఓపిగ్గా వెళ్లడం చేతకానితనం కాదు. 46 కిలోమీటర్లలో పది లారీలను దాటినా కలిసొచ్చేది కొన్ని నిమిషాలే.

* "ఎక్కడిదాకా వచ్చారు?" అని బండి నడిపేవాళ్లకు ఫోను చేయకండి. పక్కన కూర్చున్నవాళ్లకు చేయండి.

* ప్రమాదం కనిపిస్తే 108కి, జాతీయ రహదారి సాయానికి 1033కి ఫోన్ చేయండి. గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లను పోలీసులు ఇబ్బంది పెట్టకూడదని 2019లో చట్టంలోనే చేర్చారు. ప్రాణం కాపాడినవాళ్లకు ఇచ్చే కేంద్ర ప్రోత్సాహకం 2025లో రూ.25 వేలకు పెరిగింది. భయపడి పక్కనుంచి వెళ్లిపోవద్దు.

రేపటి దారి

2023లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1.72 లక్షల మందికి పైనే. అంకె పెద్దదైన కొద్దీ మనకు ముఖాలు కనిపించవు. కానీ అందులో ప్రతి ఒక్కరూ ఎవరో ఒకరి దగ్గరికి వెళ్తున్నవాళ్లో, ఎవరి దగ్గర్నుంచో వస్తున్నవాళ్లో. ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఓ గడపలో ఎదురుచూపు ఉంది.

చేవెళ్ల దారి నాలుగు వరుసలై, మధ్యలో డివైడర్ వచ్చి, పక్కన పాత మర్రులు అలాగే నిలబడితే... అంతకన్నా అందమైన పండగ దారి రాష్ట్రంలో ఎన్ని ఉంటాయి? అప్పుడు వచ్చే ప్రమాదం ఇంకోటి ఉంది: వేగం. రోడ్డు వెడల్పయితే కాలు యాక్సిలరేటర్ మీద తనంతట తనే బరువెక్కుతుంది. గంటన్నర దారి గంటకు తగ్గిందని మురిసిపోతూ చెట్ల వంక చూడటం మానేస్తాం. రోడ్డు వేసేవాళ్లు వేస్తారు, దాని మీద మర్యాదగా నడవాల్సింది మనమే.

వచ్చే పండక్కి ఆ దారిన వెళ్తే, ఓ మర్రిచెట్టు కింద కారు పూర్తిగా పక్కకు తీసి ఐదు నిమిషాలు ఆగండి. డబ్బా విప్పి పిల్లలకు తలో సకినం పెట్టండి. మీ తాత ఎడ్లబండి మీద వెళ్తూ ఈ నీడల్లోనే ఎక్కడో ఎడ్లకు నీళ్లు పెట్టి ఉంటాడని చెప్పండి. మీ మనవలు కూడా ఇదే నీడలో ఆగాలంటే రెండు మిగలాలి. చెట్టూ మిగలాలి... ఇంటికి చేరే మనిషీ మిగలాలి.